అయ్యవారి వాకింగ్ మిషన్

వాకింగ్ మిషన్ను ఆటోలోంచి దించి, రెండు మెట్లెక్కించి, గుమ్మంలో అడ్డంగా ఇరుక్కుంటే నిలువుగా తిప్పి హాల్లోకి తెచ్చేసరికి అల్లావుద్దీన్‌కీ, ఆటో సుబ్బుకీ చొక్కాలు ఒంటికి అతుక్కుపోయాయి. అంత హడావిడి జరుగుతున్నా రంగనాయకులు సారు పడక్కుర్చీలోంచి కదల్లేదు. ముఖానికి అడ్డంగా పేపరు పట్టుకుని కూర్చున్నాడు. గూడూరు హైస్కూల్లో ముప్పై మూడేళ్ళు సోషల్ చెప్పిన మనిషి ఆయన. అల్లావుద్దీన్ కూడా తొమ్మిదో తరగతి దాకా ఆయన దగ్గర చదివి, ఆపైన చదువుకు దండం పెట్టి మిషన్ల పనిలోకి దిగినవాడే.

"ఆ మూల పెట్టు అల్లావుద్దీన్, టీవీకి ఎదురుగా. నడుస్తా సీరియల్ చూసుకుంటారు" అంది సారు భార్య ధనలక్ష్మమ్మ.

"నేను సీరియల్ చూడను" అన్నాడు సారు పేపరు వెనకనుంచి.

"అయితే నడుస్తా నన్ను చూడండి."

పేపరు ఇంకాస్త పైకి లేచింది.

నెల్లూరు డాక్టరు రోజుకు అరగంట నడవమన్నాడు. సారు పొద్దున్నే మంచు అన్నాడు. ఆవిడ మంకీ క్యాపు తెచ్చింది. కుక్కలు అన్నాడు. చేతికర్ర తెచ్చింది. బైకులు గుద్దుతాయి అన్నాడు. ఆవిడ ఇంక వాదించలేదు, రోడ్డునే ఇంట్లోకి తెప్పించింది.

అల్లావుద్దీన్ మోకాళ్ళ మీద కూర్చుని పని మొదలుపెట్టాడు. స్టీలు గ్లాసులో అంచుదాకా నీళ్ళు పోసి బెల్టు మధ్యలో పెట్టాడు. నీళ్ళు ఏ పక్కకు ఒరిగితే ఆ పక్క కాలు కింద అట్టముక్క దూర్చాడు. వెనక బోల్టును ఎల్-కీతో పావు చుట్టు తిప్పాడు, మిషన్ ఆన్ చేసి బెల్టు ఎటు జరుగుతుందో చూశాడు, మళ్ళీ పావు చుట్టు తిప్పాడు. బెల్టు ఎత్తి కింద చెక్క మీద ఆయిల్ రాసి, అరిచేత్తో నిమిరాడు. తడ దగ్గర ఏదో ఫ్యాక్టరీ హాస్టల్ షెడ్డులో దుమ్ము కొట్టుకుపోయి పడున్న మిషన్ అది. మోటారు బ్రష్షులు, బెల్టు, బేరింగులు మార్చి, నెలరోజులు దాంతో కుస్తీపట్టి, దాని గొంతు కూడా తగ్గించాడు. ఇప్పుడది పిల్లి పడుకున్నట్టు సన్నగా గురగురమంటుంది.

"పాతది గదా, రేపు మొండికేస్తే?" అంది ధనలక్ష్మమ్మ.

"ఇది చెడిపోతే నా పేరు అల్లావుద్దీనే కాదమ్మా!"

ఆ మాట అనేముందు ఒక్క క్షణం ఆగి ఉండాల్సింది. కానీ పని బాగా కుదిరినప్పుడు మనిషికి నోరు ఆగదు.

చివరగా, దారానికి వేలాడే ఎర్ర ప్లాస్టిక్ బిళ్ళ ఒకటి చూపించాడు. "ఈ క్లిప్పు చొక్కాకి పెట్టుకోవాలి. కాలు తడబడి వెనక్కి పోయినారనుకోండి, ఈ బిళ్ళ ఊడొస్తది, మిషన్ టక్కున ఆగిపోతది."

పేపరు మొదటిసారి కిందికి దిగింది.

"ఆ బిళ్ళ లేకపోతే మిషన్ తిరగదా?" అన్నాడు సారు.

"తిరగదు సార్. దీని వెనక చిన్న అయస్కాంతం ఉండాది. అది తగిలితేనే ప్రాణం వస్తది."

"అట్టనా!" అన్నాడు సారు. క్లాసులో మంచి ప్రశ్న అడిగిన పిల్లాణ్ణి చూసినట్టు ఆ బిళ్ళ వంక ఎంతో ప్రేమగా చూశాడు.

*

మర్నాడు పదిన్నరకే ఫోను. "మిషన్ చచ్చింది, రా" అంది ధనలక్ష్మమ్మ.

అల్లావుద్దీన్ సంచీ తగిలించుకుని వెళ్ళాడు. మిషన్ ఆన్ చేస్తే తెర మీద మూడు గీతలు తప్ప ఏమీ రావడం లేదు. ఎర్ర బిళ్ళ ఉండాల్సిన చోటే ఉంది. దాన్ని ఊడదీసి తిప్పి చూశాడు. వెనక అయస్కాంతం లేదు. అది ఉండాల్సిన గుంటలో కత్తిమొనతో గీరిన గుర్తులు మాత్రం ఉన్నాయి.

మెల్లగా తలెత్తి చుట్టూ చూశాడు. ఎదురుగా ఫ్రిజ్ తలుపు మీద కరెంటు బిల్లు. ఆ బిల్లును పట్టుకుని, రూపాయి బిళ్ళకన్నా చిన్నగా, నల్లగా, గుండ్రంగా అయస్కాంతం.

అక్కణ్ణుంచి కళ్ళు పడక్కుర్చీ మీదకు తిప్పాడు. పేపరు పైనుంచి సారు కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. పరీక్షలో చీటీతో దొరికినవాడి కళ్ళు అవి. ఆయన ఆ కళ్ళను ముప్పై మూడేళ్ళు చూసుంటాడు గానీ, అలా చూడాల్సిన అవసరం ఆయనకు ఇదే మొదటిసారి అయ్యుంటుంది.

"ఏందంట జబ్బు?" అంది ధనలక్ష్మమ్మ, తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ.

అల్లావుద్దీన్ బిళ్ళను గుప్పిట్లో మూశాడు. "చిన్న పార్టు... వదులై ఊడిపోయినట్టుందమ్మా" అన్నాడు.

"నిన్న పెట్టింది ఈరోజుకే ఊడిపోయిందా? నెలరోజులు బాగుచేసినానన్నావే!"

అతను సంచీ అడుగునుంచి పాత స్పీకరు అయస్కాంతం ముక్క తీసి, గమ్ముతో అంటించాడు. మిషన్ గురగురమంది. ఆవిడ వంటింట్లోకి వెళ్ళగానే సారు కుర్చీలోంచి ముందుకు వంగాడు.

"ఒరే అల్లావుద్దీనూ. దీన్ని ఇంక బాగుపడకుండా చెడగొట్టే మార్గం ఏదన్నా ఉండాదా?"

"సార్, నేను బాగుచేసేవాణ్ణి."

"రెండూ ఒకటే విద్యరా. దిశ మారిస్తే సరి."

"వద్దు సార్. అమ్మ నన్ను అనుమానిస్తుండాది" అని సంచీ భుజాన వేసుకుని బయటపడ్డాడు అల్లావుద్దీన్. వీధి మలుపు తిరిగాక గానీ అతనికి నవ్వు రాలేదు. ఆ నవ్వు కూడా ఒక్కరోజే నిలిచింది.

*

మూడోరోజు మళ్ళీ ఫోనొస్తే వెళ్ళేసరికి హాల్లో పారాయణానికి వచ్చిన ఆడవాళ్ళు ముగ్గురు చాప మీద కూర్చుని ఉన్నారు. కాలనీ సంఘానికి ధనలక్ష్మమ్మ ప్రెసిడెంటు. పక్కన మిషన్ బెల్టు ఎడమవైపుకు జరిగిపోయి, అంచు పీచుపీచుగా చిరిగి, వేలాడుతోంది. వెనక బోల్టులు రెండూ వదులు చేసి ఉన్నాయి. వాటి తలల మీద పకారు కోరల గాట్లు తాజాగా మెరుస్తున్నాయి. సారు స్నానాల గదిలో ఉన్నాడు. లోపల నీళ్ళ చప్పుడు మాత్రం లేదు.

"చూడండమ్మా, చూడండి" అంది ధనలక్ష్మమ్మ ఆడవాళ్ళతో. "ఆయన ఈ పూట నడుస్తానని నోరారా అన్నారు. బటను నొక్కినారో లేదో, ఇది ఇట్టా చిరిగింది. మనిషి కింద పడుంటే?" తర్వాత అల్లావుద్దీన్ వైపు తిరిగింది. "ఇది చెడిపోతే నా పేరు అల్లావుద్దీన్ కాదన్నావు గదా. రెండుసార్లు చెడిపోయింది. ఇంక నిన్ను ఏమని పిలవాలో నువ్వే చెప్పు."

చాప మీద ఒకావిడ కిసుక్కుమంది.

అల్లావుద్దీన్ చెవులు కాలిపోయాయి. ఒక్క మాట చెబితే చాలు. పకారు తెచ్చి గాట్లకు ఆనిస్తే ఇంకా చాలు. కానీ స్నానాల గది తలుపు కింద సందులోంచి రెండు పాదాలు కనిపిస్తున్నాయి. కదలకుండా, తలుపుకు చెవి ఆనించి నిలబడినవాడి పాదాలు. చదువు చెప్పిన మనిషిని నలుగురు ఆడవాళ్ళ ముందుకు చొక్కా పట్టుకుని లాక్కొచ్చినట్టు అవుతుంది. అల్లావుద్దీన్ తల దించుకుని, "కొత్త బెల్టు తెచ్చి వేస్తానమ్మా" అన్నాడు.

"వద్దు. రేపు వచ్చి మొత్తం ఎత్తుకునిపో."

సాయంత్రం దుకాణంలో ఉండగా ఎలిశబెతు మేడం ఫోను చేసింది. బస్టాండు దగ్గర ఫిజియోథెరపీ క్లినిక్కు ఆమెది. అక్కడి నాలుగు మిషన్లూ వచ్చేనెల నుంచి అల్లావుద్దీన్ చేతికే అప్పగిస్తానని మాట ఇచ్చి ఉంది. ఏడాది పొడుగునా నిలకడగా ఉండే పని.

"అల్లావుద్దీన్ అన్నా, సారు ఇంట్లో మిషన్ సంగతి విన్నా. మన పని కొన్నాళ్ళు ఆపుదాం. నా దగ్గరికి వచ్చేవాళ్ళందరూ మోకాళ్ళ నొప్పులవాళ్ళు. ఎవరన్నా పడితే కష్టం గదా" అంది. గొంతు మెత్తగానే ఉంది. అందుకే ఇంకా గుచ్చుకుంది.

ఇంట్లో భార్య బీజాన్ చేటలో వెల్లుల్లి ఒలుస్తూ అంతా విన్నది. "తప్పు చేసింది ఆయన. మాట పడింది నువ్వు. ఏం న్యాయమయ్యా ఇది?"

"చదువు చెప్పిన సారు బీజాన్."

"ఏం చదువు చెప్పినాడో మరి. తన తప్పు పక్కోడి మీదకు తోసెయ్యమనా?" వెల్లుల్లి రెబ్బ ఒకటి చేటలో టప్పున పడింది. "రేపు పోయి ఆయమ్మతో ఉన్నది ఉన్నట్టు చెప్పు. లేదంటే దుకాణం మీద బోర్డు దించెయ్. ఎట్టాగూ నీ పేరు నీది కాకుండా పోయిందిగా."

*

నాలుగోరోజు పొద్దున అల్లావుద్దీన్ కొత్త బెల్టు ఒక చేత్తో, కోపం ఒక చేత్తో పట్టుకుని వెళ్ళాడు. చెప్పాల్సిన మాటలు దారి పొడుగునా వల్లెవేసుకున్నాడు. తీరా చూస్తే ధనలక్ష్మమ్మ బజారుకు పోయింది. సారు ఒక్కడే ఉన్నాడు.

"సార్, అమ్మ వచ్చిందాకా కూర్చుంటా. వచ్చినాక మొత్తం చెప్పేస్తా. నా కడుపు మీద కొట్టినారు సార్ మీరు" అంటూ క్లినిక్కు సంగతి చెప్పాడు.

సారు ముఖం వాడిపోయింది. "నాలుగు మిషన్లా?" అన్నాడు.

"నాలుగు. అసలు మీకు దీని మీద ఏం పగ సార్? నడిచే మిషనేగా!"

"నడిచే మిషనా!" సారు కుర్చీలోంచి లేచాడు. "ఇది ఏందో తెలుసునా నీకు? ఇది జైలు సామానురా! రెండొందల ఏళ్ళ కిందట ఇంగ్లండులో క్యూబిట్ అని ఒక ఇంజనీరు. ఒకనాడు జైలు దగ్గరికి పోయినాడు. ఖైదీలు గోడకు ఆనుకుని ఊరికే కూర్చోనుండారు. ఆయన అది చూసి ఓర్వలేకపోయినాడు. పొడుగ్గా ఒక చక్రం చేసినాడు, చుట్టూతా మెట్లు. ఖైదీలను వరసగా దాని మీద నిలబెట్టినాడు. మెట్టు తొక్కితే అది కిందికి పోతది, ఇంకో మెట్టు వస్తది. ఎక్కతా ఉండాల, ఎక్కతానే ఉండాల, ఒక్క మెట్టు పైకి పోయేది లేదు. రోజుకు ఆరు గంటలు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ!"

అల్లావుద్దీన్ కోపంగానే వింటున్నాడు. కానీ చూపు సారు కాళ్ళ మీద పడింది. చేతులు వెనక్కి కట్టుకుని, టీవీ దగ్గరనుంచి పూజగది తలుపు దాకా తొమ్మిది అడుగులు, చటుక్కున వెనక్కి తిరిగి మళ్ళీ తొమ్మిది. క్లాసులో నల్లబల్ల ఈ కొసనుంచి ఆ కొసకు తిరిగినట్టే. ఇంగ్లండునుంచి అండమాన్‌కు వచ్చి, అక్కడ మనవాళ్ళ చేత ఎద్దుల్లాగా గానుగ తిప్పించిన సంగతికి వచ్చేసరికి ముప్పైసార్లు తిరిగాడు. ఆయాసం లేదు, రొప్పు లేదు. గొంతు ఖంగుమంటోంది.

"సార్, ఒక్క నిమిషం. మీరిప్పుడు ఎంతసేపట్నించి నడుస్తుండారో తెలుసునా?"

సారు పూజగది ముందర ఆగిపోయాడు. తన కాళ్ళ వంక ఎవరి కాళ్ళనో చూసినట్టు చూసుకున్నాడు. వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"నెల్లూర్లో నన్ను ఇట్టాంటిదాని మీదే ఎక్కించినార్రా" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "చొక్కా విప్పించి, గుండెకు వైర్లు తగిలించినారు. అది కదిలింది. కాళ్ళ కింద నేల లాగేసినట్టయింది. కేకేసి, నర్సమ్మ చెయ్యి పట్టుకున్నా. ఆడుండే కుర్రోడు 'దిగు తాతా, నీవల్ల కాదు' అన్నాడు. అంతా చూస్తుండారు. రెండు నిమిషాలు కూడా కాలేదు. ముప్పై మూడేళ్ళు నిలబడి పాఠం చెప్పిన కాళ్ళురా ఇవి." పంచె అంచును మోకాళ్ళ మీదకు సర్దుకున్నాడు. "ధనం బయట కూర్చోనుండాది. టెస్టు బాగా అయిందని చెప్పినా."

అల్లావుద్దీన్ చేతిలో ఉన్న కోపం ఎక్కడ పెట్టాలో తెలియక కొత్త బెల్టు పొట్లం విప్పాడు. పావుగంటలో బెల్టు ఎక్కించాడు. బోల్టులు పావు చుట్టు, పావు చుట్టు తిప్పి సరిచేశాడు. తర్వాత సారు దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు.

"రండి సార్. చీమ నడక పెడతా. నేను పక్కనే ఉంటా, పట్టుకుంటా. ఇక్కడ తాతా అనేవాడు ఎవడూ లేడు."

సారు మిషన్ ఎక్కాడు. రెండు చేతులతో కమ్మీలు పట్టుకున్నాడు, వేళ్ళు తెల్లబడేంత గట్టిగా. అల్లావుద్దీన్ క్లిప్పు ఆయన చొక్కాకు తగిలించి బటను నొక్కాడు. బెల్టు కదలగానే సారు కళ్ళు మూసుకున్నాడు.

"కళ్ళు తెరవండి సార్. అవును, ఆ ఖైదీల చక్రం తిరిగితే ఏమొచ్చేది?"

"పిండి" అన్నాడు సారు, పళ్ళ సందులోంచి.

"ఏం పిండి?"

"గోధుమ. తిరగలికి తగిలించేవాళ్ళు."

"అన్ని జైళ్ళల్లో అంతేనా?"

"లేదు" అన్నాడు సారు. ఒక కన్ను తెరిచాడు. "కొన్ని జైళ్ళల్లో దానికి ఏమీ తగిలించలేదు. ఊరికే తిరిగేది. గాలిని విసిరేవాళ్ళు! ఎంత దుర్మార్గం చూడు. పని చేయించుకుంటే ఒక అర్థం ఉండాది. మనిషిని అలవగొట్టేదానికే అలవగొట్టడం!" ఆవేశంలో ఒక చెయ్యి కమ్మీ వదిలి గాల్లోకి లేచింది. అల్లావుద్దీన్ ఆయన చూడకుండా వేగం ఒక మెట్టు పెంచాడు.

"మా తాత కూడా ఇట్టాంటిదే చేసేవాడు సార్. చిల్లకూరు పక్కన నిమ్మతోటలో ఏతం తొక్కేవాడంట. దూలం మీద ముందుకూ వెనక్కూ నడుస్తా ఉంటే, బాన బావిలోకి దిగడం, నీళ్ళతో పైకి రావడం. నడిచి నడిచి పొద్దుగూకేదంట, మనిషి మాత్రం తోట దాటింది లేదు."

"ఆగు, ఆగు! ఇది ముఖ్యమైన సంగతి!"

"మీరు ఆగబాకండి సార్, పడతారు!"

సారు ఆగలేదు. ఏతం ఇక్కడిదా, బయటినుంచి వచ్చిందా అన్నదగ్గర మొదలుపెట్టి, రోము నగరంలో పెద్ద చక్రం లోపల మనుషులు నడిచి రాళ్ళను మేడల మీదకు ఎత్తిన సంగతికి వచ్చాడు. రెండో చెయ్యి కూడా కమ్మీ వదిలేసింది. నుదుటి మీద చెమట మెరిసింది. చీమ నడక పోయి మామూలు నడక వచ్చింది. ఆయన చక్రాన్ని గాల్లో గీసి చూపిస్తున్నాడు.

"మిషన్ బాగయిందే!" అని వినిపించింది గుమ్మంలోంచి.

ధనలక్ష్మమ్మ కూరల సంచీతో నిలబడి ఉంది. ఎంతసేపట్నించి ఉందో తెలియదు. సారు మాట ఆగింది. మాటతోపాటు కాళ్ళూ ఆగాయి. బెల్టు మాత్రం ఆగక ఆయన్ని అలాగే వెనక్కి తీసుకుపోయింది. ఎర్ర బిళ్ళ ఊడొచ్చింది, మిషన్ టక్కున నిలిచింది, అల్లావుద్దీన్ రెండు చేతులా సారును పట్టుకున్నాడు. అప్పటికి ఇరవై రెండు నిమిషాలయింది.

సారు ఊపిరి కూడదీసుకుని చొక్కా సర్దుకున్నాడు. "మిషన్ ఎప్పుడూ బాగానే ఉండాది ధనం. దాన్ని చెడగొట్టింది నేను. రెండుసార్లూ నేనే. నెల్లూరు టెస్టు కూడా నేను చెప్పినట్టు జరగలేదు." అల్లావుద్దీన్ భుజం మీద ఉన్న చెయ్యి తియ్యకుండానే అన్నాడు. "వీడు నాకోసం మాట పడినాడు. ఎలిశబెతు మేడం క్లినిక్కు పని కూడా పోగొట్టుకున్నాడు."

ధనలక్ష్మమ్మ భర్త వంక చూసింది, ఫ్రిజ్ మీది అయస్కాంతం వంక చూసింది, సంచీ కింద పెట్టి ఫోను తీసింది. నిన్నటి ఆడవాళ్ళు ముగ్గురికీ వరసగా చేసింది. స్పీకరు పెట్టి మరీ. "మిషన్ను చెడగొట్టింది మా ఆయనేనమ్మా. పకారు తీసుకుని, చిన్నపిల్లోడి మాదిరి. అవును. అల్లావుద్దీన్ పేరు అల్లావుద్దీనేనని నలుగురికీ చెప్పు." నాలుగో ఫోను ఎలిశబెతు మేడంకి; క్లినిక్కు పని మళ్ళీ అల్లావుద్దీన్ చేతికే వచ్చింది. సారు ఆ నాలుగు ఫోన్లసేపూ గోడకుర్చీ వేసినవాడిలా నిలబడ్డాడు.

ఫోను పెట్టేసి ఆవిడ అల్లావుద్దీన్ వైపు తిరిగింది. "నిన్న అనరాని మాట అన్నా. మనసులో పెట్టుకోబాక" అంది. వెంటనే గొంతు మార్చి, "రేపట్నించి ఆరింటికి నువ్వు రావాల. వినేవాళ్ళు లేకపోతే ఈయన నడవరు" అంది.

"నేనా? మీరున్నారు గదమ్మా!"

"నేను నలభై ఏళ్ళు విన్నా. నా వంతు అయిపోయింది."

*

ఆ విధంగా అల్లావుద్దీన్‌కు శిక్ష పడింది. రోజూ ఆరింటికి ప్లాస్టిక్ స్టూలు మీద అరగంట. సారు నడుస్తూ చెప్పేవాడు, అతను కూర్చుని ఊకొట్టేవాడు. అమెరికాలో ఒక డాక్టరు గుండెకు వైర్లు తగిలించి మనుషుల్ని నడిపించడం, ఇంకో ఇంజనీరు ఇళ్ళల్లోకి పట్టేటట్టు చిన్న మిషన్ చెయ్యడం, జైళ్ళల్లో వద్దని తీసేసిన దాన్ని జనం కొనుక్కుని మరీ ఎక్కడం, అన్నీ నాలుగురోజుల్లో అయిపోయాయి. "హమ్మయ్య" అనుకున్నాడు అల్లావుద్దీన్. అయిదోరోజు సారు రైలింజన్లు మొదలుపెట్టాడు.

"పదింటిదాకా నిద్రకళ్ళతోనే పని చేస్తుండావు" అంది బీజాన్. "నువ్వు తొమ్మిదితో చదువు మానేసినావంటే ఊరికే మానేసినావా? తడలో పని ఉండాది, ఇంక రాలేనని చెప్పెయ్."

శనివారం ఆ మాట నోట్లో పెట్టుకునే వెళ్ళాడు అల్లావుద్దీన్. అరగంట అయ్యాక చెబుదామని స్టూలు మీద కూర్చున్నాడు. సారు అప్పటికే మంచి ఊపులో ఉన్నాడు.

"ఇంగ్లండులో పందెం పెట్టినార్రా! ఏ ఇంజను బాగా లాగితే దానికి బహుమానం. దేశమంతా వచ్చి పట్టాలకు రెండు పక్కలా నిలబడినారు. అయిదు బండ్లు దిగినాయి. నాలుగిటికి ఆవిరి. అయిదోదానికి ఏముండాదో చెప్పు?"

"బొగ్గా సార్?"

"గుర్రం! బండి లోపల గుర్రం. దాని కాళ్ళ కింద ఇట్టాంటి మిషనే. గుర్రం నడుస్తా ఉంటే బెల్టు తిరగతది, బెల్టు తిరిగితే చక్రాలు తిరగతాయి, బండి పట్టాల మీద పోతది. గుర్రం మాత్రం ఉన్నచోటే ఉంటది!"

అల్లావుద్దీన్ స్టూలు అంచుకు జరిగాడు. బెల్టు బరువెంత, గుర్రం బరువు మోయాలంటే కింద చెక్క ఎంత మందం ఉండాల, రోలర్లు ఎన్ని వేసుంటారు అని వేళ్ళ మీద లెక్కకట్టుకుంటున్నాడు. "చెక్క ఆగుతుందా సార్? గిట్టలు దిగబడవూ?"

"అదేరా అసలు ప్రశ్న!" సారు ముఖం వెలిగిపోయింది. "జెండా ఊపినారు. జనం ఒకటే అరుపులు. ఆవిరి బండి బుసకొట్టింది. ఈ పక్క గుర్రం మొదటి అడుగు..."

మిషన్ కీచుమని ఆగిపోయింది. పెట్టిన ముప్పై నిమిషాలూ అయిపోయాయి.

సారు దిగి తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. ధనలక్ష్మమ్మ ఇద్దరికీ టీ తెచ్చి పెట్టింది. సారు ఒక గుక్క తాగి, "మిగతాది సోమవారం" అన్నాడు.

అల్లావుద్దీన్ టీ గ్లాసు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. తడ, పని, ఇంక రాలేను, అన్నీ నాలుక చివరే ఉన్నాయి. గొంతు సవరించుకున్నాడు.

"సార్" అన్నాడు. "ఆదివారం క్లాసు ఉండదా?"